వంత లేని పాట

జానపద గీతాన్ని అంచనా కట్టడానికి మన విమర్శలో రెండు కొలబద్దలు వాడుకలో వున్నాయి. మొదటిది ప్రాచీనత. పాట ఎంత పాతదైతే అంత గొప్పది, పాడే పద్ధతి ఎంత మారకుండా వుంటే అంత స్వచ్ఛమైనది అనేది దీని సారాంశం. రెండవది ప్రచారం. ఎంతమంది విన్నారు, ఎంతమంది చూశారు అనేదాన్ని బట్టి పాట బలాన్ని నిర్ణయించడం. ఈ రెండూ పరస్పర విరుద్ధంగా కనిపించినా, రెండింటిలోనూ వున్న లోపం ఒక్కటే. ఈ పాట ఎవరు ఎవరితో మాట్లాడుతున్న మాట అనే ప్రశ్నను రెండూ అడగవు.

ఆ ప్రశ్న అడగవలసిన అవసరం ఇప్పుడు వచ్చింది. విజయవాడలోనూ, కృష్ణా డెల్టాలోని చిన్న పట్టణాలలోనూ పాతిక ముప్పయి ఏళ్ళ యువతీయువకులు కొందరు చిన్న బృందాలుగా ఏర్పడి జానపద గీతాలు పాడుతున్నారు. వీరి వెనుక సినిమా కంపెనీ లేదు. సొంత ఖర్చుతో పాట రికార్డు చేసుకుంటారు, యూట్యూబులో పెడతారు, నలుగురూ విన్నారనుకున్న తర్వాత వేదిక ఎక్కుతారు. తమను 'స్వతంత్ర కళాకారులు' అని చెప్పుకుంటారు. అటువంటి బృందం ఒకటి త్వరలో మా నగరంలో ప్రదర్శన ఇవ్వబోతున్నది. దాని రిహార్సలు చూసే అవకాశం నాకు కలిగింది. బృందం పేరు నేను చెప్పడం లేదు. ఎందుకంటే ఇక్కడ చెప్పదలచినది ఆ ఒక్క బృందానికే వర్తించేది కాదు.

నా అభిప్రాయాన్ని ముందుగానే చెబుతాను. ఈ యువకుల గొంతులో బలముంది. సేకరణలో శ్రద్ధ వుంది. వాద్యాల మేళవింపులో నైపుణ్యం వుంది. లేనిది ఒక్కటే - వంత.

'వంత పాడటం' అనే మాటకు మన వాడుకలో చెడ్డ అర్థం స్థిరపడిపోయింది. పెద్దవాడు ఏమంటే దానికి తలాడించేవాణ్ణి వంతపాటగాడు అంటాం. కానీ జానపద కళారూపాలలో వంత చేసే పని అది కాదు. ఆ పని ఎంత గంభీరమైనదో అర్థం చేసుకోవాలంటే మన ప్రాంతంలో పెరిగి పెద్దదైన బుర్రకథ నిర్మాణాన్ని ఒకసారి పరిశీలించాలి.

బుర్రకథలో ముగ్గురుంటారు. మధ్యలో కథకుడు. భుజాన తంబుర, చేతి వేళ్ళకు అందెలు. అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. జంగం కథగా, తందాన కథగా వున్న పాత రూపంలో వంతలు ప్రధానంగా పల్లవి అందుకునేవారు, కథకుడికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చేవారు. 1940లలో ఈ రూపం రాజకీయ చైతన్యానికి సాధనమైనప్పుడు వంతల పాత్ర పూర్తిగా మారిపోయింది. ఒకరు హాస్యపు వంత, మరొకరు రాజకీయ వంత. హాస్యపు వంత అమాయకుడిలా అడ్డుప్రశ్న వేస్తాడు. రాజకీయ వంత పాత కథను ఇవాళ్టి బతుకుతో ముడిపెడతాడు. కథకుడు పల్నాటి యుద్ధం చెబుతూ వుండగా మధ్యలో అతణ్ణి ఆపి, ఊళ్ళో బియ్యం ధర సంగతి తీసుకురాగల హక్కు వంతకు వుంది. వేదిక మీద కథకుణ్ణి నిలదీయగల హక్కు అది. ప్రేక్షకుల మనసులో పుట్టే సందేహానికి వేదిక మీద ఒక ప్రతినిధిని నియమించడమన్న మాట! ప్రపంచ నాటకరంగంలో బ్రెహ్టు వంటివారు సిద్ధాంతం చేసి చెప్పిన విషయాన్ని, ఆ పేరు విని వుండని మన దళాలు పొలం గట్ల పక్కన ఆచరించి చూపాయి.

1943లో ప్రజానాట్యమండలి ఏర్పడిన తర్వాత ఈ రూపానికి వచ్చిన వైభవం సాహిత్య విద్యార్థులకు తెలిసినదే. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో దూదేకుల కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్, బుర్రకథకు పర్యాయపదమయ్యాడు. బెంగాల్ కరువునూ, అల్లూరి సీతారామరాజునూ, పల్నాటి వీరులనూ ఒకే గొంతుతో పలికించాడు. శాస్త్రీయ సంగీతం నేర్చినవాడు కాబట్టి వరుసలలో వైవిధ్యం తెచ్చాడు. నటుడు కాబట్టి అడుగులో, చూపులో కథ చెప్పాడు. గరికపాటి రాజారావు తీసిన 'పుట్టిల్లు' (1953), ఆ మరుసటి ఏడు వచ్చిన 'అగ్గిరాముడు' చిత్రాల ద్వారా ఆయన బుర్రకథ సినిమా తెరకూ ఎక్కింది. 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో ఆయన మరణించాడు. ఇవన్నీ మనం తరచుగా స్మరించుకునే విషయాలే. కానీ స్మరణలో ఒక పొరపాటు దొర్లుతున్నది. నాజర్ ఫోటోలో ఇటూ అటూ నిలబడ్డ ఇద్దరినీ కత్తిరించి మధ్య మనిషినే మనం గుర్తుంచుకుంటున్నాం. ఆ ఇద్దరూ లేకపోతే నాజర్ గొప్ప గాయకుడయ్యేవాడు, బుర్రకథకుడు మాత్రం కాలేకపోయేవాడు.

కృష్ణా జిల్లా ఇందులో ఇంకొక అడుగు ముందుకు వేసింది. మోటూరు ఉదయం, చింతల కోటేశ్వరమ్మ, వీరమాచనేని సరోజిని కలిసి మహిళా బుర్రకథ దళంగా ఏర్పడ్డారు. ఆ రోజులలో గౌరవ కుటుంబపు స్త్రీ సభలో నిలబడి పాడటమే పెద్ద సాహసం. వీరు పాడటంతో ఆగలేదు. వేదిక మీద ఒక స్త్రీ కథ చెబితే, మరొక స్త్రీ అడ్డుప్రశ్న వేసింది. నలుగురిలో ప్రశ్న వేసే స్త్రీని డెల్టా గ్రామాలు ఆ విధంగా చూశాయి. పామర్రులో పుట్టి ప్రజానాట్యమండలిలో పాటలు పాడిన కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ 'నిర్జన వారధి' (2012) చదివినవారికి, ఆ వేదిక స్త్రీలకు ఎంత ఇచ్చిందో, దానికి వారు ఎంత చెల్లించుకున్నారో తెలుస్తుంది.

బుర్రకథ సంగతి అలా వుంచి, శ్రామిక గీతాలను చూసినా ఇదే నిర్మాణం కనిపిస్తుంది. నాట్ల పాటను ఒకామె ఎత్తుకుంటుంది, వరుసలో వంగిన తక్కినవారు అందుకుంటారు. బరువు లాగేటప్పుడు ఒకడు కేక వేస్తే పదిమంది బదులు పలుకుతారు. బదులు పలకడానికి పట్టే కాలంలోనే చెయ్యి పనిచేస్తుంది. ఎత్తుకున్న మనిషికి తరువాతి చరణం కల్పించుకునే వ్యవధీ అందులోనే దొరుకుతుంది. మేస్త్రీ మీద ఎత్తిపొడుపు, కామందు మీద విసురు, కూలి రేటు మీద సణుగుడు ఆ సందులోనే పాటలోకి చొరబడతాయి. కాబట్టి శ్రమగీతంలో బృందం అలంకారం కాదు. పాట పుట్టే చోటే అది.

ఈ బృందం ఎక్కడ విడిపోయింది? సమాధానానికి విజయవాడలోనే చూడాలి. 1948 డిసెంబరు 1న ఇక్కడ ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైంది. తెలుగు జానపద గీతానికి రేడియో చేసిన సేవను తక్కువ చేయడం కృతఘ్నత అవుతుంది. నేదునూరి గంగాధరం వంటి సేకర్తలు, పల్లెపాటను సభా గౌరవానికి తెచ్చిన వింజమూరి సోదరీమణులు, జానపద గేయ సాహిత్యాన్ని విశ్వవిద్యాలయ పరిశోధనకు ఎక్కించిన బిరుదురాజు రామరాజు - వీరి కృషి లేకపోతే మనకు ఇవాళ మిగిలేది బహు స్వల్పం. అయితే ప్రతి సాధనానికీ తన పరిమితి వుంటుంది. మైకు ముందు చోటు చిన్నది. కేటాయించిన సమయం చిన్నది. పాటకు స్థిరమైన పాఠం కావాలి, స్థిరమైన వరుస కావాలి. పొలంలో ముప్పయి మంది పాట, స్టూడియోలో ఒక గొంతు, దాని వెనుక మెత్తని కోరస్ అయింది. ఎత్తిపొడుపులు రాలిపోయాయి. చివరకు పాట కర్త ఎవరంటే 'జానపదం' అనే ఒక్క మాట మిగిలింది. ఆ మాట వెనుక ఏ ఊరి ఏ మనిషి నుంచి ఆ పాట విన్నారో అది మరుగున పడిపోయింది.

ఇప్పుడు రిహార్సలు సంగతికి వస్తాను. అక్కడ నేను ఆరు పాటలు విన్నాను. గాయని గొంతు ఖంగుమంటున్నది. డప్పు కొట్టే కుర్రవాడికి లయ రక్తంలో వుంది. గిటారు వాయించే అతను పాట కింద పరుచుకున్నాడే తప్ప పాట మీద ఎక్కలేదు. నాట్ల పాటలో బదులు పలికే చోటు వచ్చినప్పుడు మాత్రం నేను ఉలిక్కిపడ్డాను. బదులు యంత్రం నుంచి వచ్చింది. గాయని తన గొంతునే నాలుగైదు సార్లు రికార్డు చేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, సమయానికి మీట నొక్కితే పలికేలా అమర్చుకున్నది. వినడానికి కమ్మగా వుంది. కానీ ఆమెకు ఆమే బదులు చెప్పుకుంటున్నది! ముప్పయి మంది స్త్రీల మధ్య పుట్టిన పాటలో ఇప్పుడు ఒకే మనిషి వుంది. ఆ యంత్రం ఎన్నడూ తప్పు పలకదు, ఎన్నడూ ఎదురు ప్రశ్న వేయదు, గాయని మాట మార్చితే తాను మారదు. అందుచేత గాయని కూడా మాట మార్చలేదు. సరిగ్గా నిన్న పాడినట్లే ఇవాళా పాడాలి.

అదే రిహార్సలులో మరొక సంఘటన జరిగింది. వాన కోసం, నీళ్ళ కోసం పాడే ఒక పాత పాటలో రెండు చరణాల మధ్య డప్పు కొట్టే కుర్రవాడు ఉన్నట్టుండి ఆగి, నీళ్ళు కావాలని పిలుస్తున్నావు సరే, బుడమేరు వచ్చినప్పుడు వద్దంటే వెళ్ళిందా అని గాయనిని అడిగాడు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతమంతా రోజుల తరబడి నీళ్ళలో వుండటం ఇక్కడివారెవరూ మరచిపోలేదు. గదిలో వున్న పదిమందీ ఒక్కసారి నవ్వారు. వెంటనే ఆ నవ్వు ఆగిపోయింది. గాయని ఒక్క క్షణం తడబడి, తర్వాతి చరణాన్ని వేరే గొంతుతో ఎత్తుకుంది. అంతవరకు కోరికగా వున్న పాట భయంగా మారింది. అక్షరం మారలేదు, అర్థం మారిపోయింది. నేను ఆ సాయంత్రం విన్న వాటిలో నిజమైన జానపదం ఆ అర నిమిషమే.

ప్రదర్శనలో ఆ మాట వుంటుందా అని అడిగాను. వుండదట. వీడియో నిడివికి కుదరదు, యంత్రంలోని తాళం తప్పుతుంది, పైగా అది పాటలో లేని మాట అన్నారు. ఆఖరి కారణం దగ్గరే నాకు అభ్యంతరం. పాటలో లేని మాటను ఆ రోజుకు ఆ పాటలోకి తీసుకురావడానికే గదా వంత పుట్టింది!

ఇక్కడ కొందరు పెద్దలకు సమాధానం చెప్పవలసి వుంది. తప్పంతా గిటారుదే అని వారి వాదం. నేను అంగీకరించను. పాత జంగం కథను బుర్రకథగా మార్చినవారు వస్తువును మార్చారు, వేషాన్ని మార్చారు, నడకను మార్చారు, వరుసలు మార్చారు. ఆ రోజు స్వచ్ఛతా వాదులు గెలిచివుంటే నాజర్ వుండేవాడు కాదు. హార్మోనియం మన నాటకానికి పరాయి వాద్యమే. ఇవాళ అది లేకుండా పౌరాణిక నాటకాన్ని వూహించలేం. వాద్యం ఏ దేశానిదన్నది అప్రధానం. బదులు పలికే మనిషి వున్నాడా లేదా అన్నదే ప్రధానం. డప్పు, గుమ్మెట, తంబుర అన్నీ వుండి కూడా వంత లేకపోతే అది మ్యూజియం. గిటారు వున్నా వంత వుంటే అది సజీవ కళ.

వంత వుంటే చాలునా? చాలదు. దీనికి మన చరిత్రలోనే గుణపాఠం వుంది. స్వాతంత్ర్యం వచ్చిన కాలంలో మద్రాసు ప్రభుత్వం 'మాభూమి' నాటక ప్రదర్శనలను నిషేధించింది. బుర్రకథ దళాల మీద నిర్బంధం సాగింది. ఆ తర్వాత కొద్ది కాలానికే ప్రభుత్వ ప్రచార శాఖలు బుర్రకథ విలువను గ్రహించి తమ పనికి వినియోగించుకోసాగాయి. కుటుంబ నియంత్రణ మీద, పొదుపు మీద, పంచవర్ష ప్రణాళికల మీద కథలు వచ్చాయి. అవి చెడ్డ విషయాలని నేననడం లేదు. కళాకారులకు నాలుగు మెతుకులు దొరికిన మాట కూడా నిజమే. కానీ అక్కడ వంత వేసే ప్రశ్న ముందే అచ్చయి వుంటుంది, జవాబు కూడా అచ్చయి వుంటుంది. సందేహం తీర్చడానికే సందేహం పుట్టిస్తారు. 'వంత పాడటం' అనే మాట చెడ్డ అర్థానికి పూర్తిగా తగినది అప్పుడే అనిపిస్తుంది. రూపం అంతా వున్నది, ముగ్గురూ వున్నారు, గుమ్మెట మోగుతున్నది, ప్రశ్న మాత్రం చచ్చిపోయింది. కళారూపాన్ని నిషేధం చంపలేకపోయింది. ముందే ఒప్పుకున్న ప్రశ్న దాన్ని నీరసింపజేసింది.

ఈ గుణపాఠం నేటి స్వతంత్ర కళాకారులకు నేరుగా వర్తిస్తుంది. స్వతంత్రం అంటే ఎవరి నుంచి? కంపెనీ నుంచి అని వారి సమాధానం. మంచిదే. కానీ పాట నిడివిని నిర్ణయించేది యూట్యూబు చూసేవారి ఓపిక గురించి వారికున్న భయం. వేదిక మీది మాటను నిర్ణయించేది మీటలో బిగించిన తాళం. యజమాని కనబడనంత మాత్రాన యజమాని లేడనుకోకూడదు.

రెండవ ప్రశ్న ఇంకా కష్టమైనది. ఈ పాటలు ఎవరివి? 2021లో 'లవ్ స్టోరీ' చిత్రంలోని 'సారంగ దరియా' పాట మీద వచ్చిన వివాదం పాఠకులకు గుర్తుండే వుంటుంది. పల్లెలో విని, టెలివిజన్లో పాడి, సినిమాకు చేరిన ఒక పాటలో ఎవరి వాటా ఎంత అన్నది ఆ వివాదం. 1957 నాటి కాపీరైటు చట్టం, 1994 సవరణ తర్వాత ప్రదర్శకుడికి కొన్ని హక్కులిచ్చింది. 2012 సవరణ వాటిని పెంచింది. అంటే వేదిక మీద పాడిన గొంతుకు హక్కు వుంది. కర్త పేరు తెలియని పాటను తరతరాలుగా కాపాడిన మడి గట్టుకు, ఆ వాడకు చట్టంలో అటువంటి చోటు లేదు. చట్టం చేయనిది మర్యాద చేయాలి. ఈ పాట ఫలానా ఊరిలో, ఫలానా పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నాం అని వేదిక మీద ఆమె అనుమతితో చెప్పడానికి పది సెకన్లు చాలు. వచ్చిన డబ్బులో ఆమెకు ఇంత పంపడానికి ఏ చట్టమూ అడ్డుపడదు. నేను చూసిన రిహార్సలులో ఆరు పాటలకు గాను ఒక్క పాట విషయంలోనే ఊరి పేరు వినిపించింది.

దీన్ని చిన్న విషయంగా తీసిపారేసేవారు ఇటీవలి చరిత్ర చూడాలి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య సినిమాలో పాడాడు, 2022లో పద్మశ్రీ అందుకున్నాడు. 2024లో ఆయన కూలిపని చేస్తూ కనిపించిన వార్తను దేశమంతా చదివింది. 'నాటు' అనే మాట 2023 మార్చిలో ఆస్కారు వేదిక మీద మోగింది. నాటు కళాకారుడి జీవనం మాత్రం ఎక్కడిదక్కడే వుంది. మాటకు గౌరవం, మనిషికి పస్తు - ఈ వైరుధ్యాన్ని కంపెనీలు తీర్చవు. తమను స్వతంత్రులమని చెప్పుకునేవారైనా ఆ దిశలో ఒక అడుగు వేయాలని కోరడం అత్యాశ కాదు.

వంత శక్తి తగ్గిపోయిందనుకోవడానికి కూడా వీల్లేదు. 2023లో వచ్చిన 'బలగం' చిత్రం చివర బుడగ జంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడిన కథను తలచుకోండి. భర్త ఎత్తుకుంటాడు, భార్య అందుకుంటుంది. ఆ అందుకోవడంలోనే కుటుంబమంతా పశ్చాత్తాపపడుతుంది. థియేటర్లలో జనం కంటతడి పెట్టింది ఒంటి గొంతుకు కాదు, రెండు గొంతుల మధ్య నడిచిన బాధకు. 2024 డిసెంబరులో మొగిలయ్య మరణించాడు. ఆ జంట గొంతులో ఒకటి ఆగిపోయింది. కానీ అది రుజువు చేసిన సత్యం మిగిలే వుంది.

ఇంతవరకు గాయకుల బాధ్యత గురించి చెప్పాను. రచయితల బాధ్యత సంగతేమిటి? ఈ పత్రిక చదివేవారిలో ఎక్కువమంది రచయితలు, సాహిత్య విద్యార్థులు. అందుకే అసలు మాట చివరకు వుంచాను.

బుర్రకథ దళాల వెనుక రచయితలుండేవారు. సుంకర సత్యనారాయణ 'కష్టజీవి' రాశాడు. వాసిరెడ్డి భాస్కరరావుతో కలిసి 'మాభూమి' రాశాడు. అది పుస్తకం కోసం రాసిన రచన కాదు. దళం నోట పలకడానికి, పలికేటప్పుడు మారడానికి రాసినది. మన తరం కవులు పేజీ కోసం రాస్తున్నారు. పుస్తకావిష్కరణ సభలో ఒకసారి చదువుతారు, చప్పట్లు కొట్టించుకుంటారు. ఇరవై ఏళ్ళ గాయని కొత్త మాట కోసం వెతుక్కుంటూ పాత సంకలనాల్లో తవ్వుకుంటుంటే, ఆమెకు అరుదుగానైనా ఒక చరణం రాసి ఇచ్చినవారు మనలో ఎందరు? జానపద బాణీలో గేయం రాయడం తక్కువ పని అనే భావం మనలో లోలోపల వున్నది. అంతకంటే తక్కువ పని వంత మాట రాయడం అనుకుంటాం. నిజానికి అది ఎక్కువ కష్టం. కథకుడి మాట పద్యంలో ఒదుగుతుంది. వంత మాట బజారు నుంచి నేరుగా రావాలి, నవ్వించాలి, ఆ నవ్వు పూర్తి కాకముందే గుచ్చుకోవాలి. కౌలు రైతు అప్పు, కాలవ చివరి భూములకు అందని నీరు, నాట్లు వేసే చేతుల స్థానంలో వస్తున్న యంత్రం - ఇవన్నీ డెల్టాలో వంత కోసం ఎదురుచూస్తున్న వస్తువులే.

కొందరు మిత్రులు ఇది పాటను నినాదం చేయమనడమే గదా అంటారు. కాదు. నినాదంలో జవాబు మాత్రమే వుంటుంది. వంతలో ప్రశ్న వుంటుంది. ఆ ప్రశ్న గాయకుణ్ణి కూడా వదలదు. మన ఉద్యమాల పాటలను కూడా వదలకూడదు. ఆ స్వేచ్ఛ లేని వంత ప్రభుత్వం వారిదైనా, మన వారిదైనా ఒక్కటే.

కాబట్టి ఈ ప్రదర్శనకు వెళ్ళే మిత్రులకు నా మనవి. గిటారు వుందా, పంచె కట్టారా అని చూడవద్దు. ఎత్తుకున్న పాటకు వేదిక మీద ఎవరు బదులు పలుకుతున్నారో వినండి. ఏ ఊరి పేరు చెప్పారో వినండి. ప్రదర్శన అయిన తర్వాత తెర వెనక్కు వెళ్ళి, ఆ డప్పు కొట్టే కుర్రవాడితో మాట్లాడండి. అతని దగ్గర ప్రశ్న వుంది, దాన్ని నిలబెట్టే నాలుగు మాటలు లేవు. మాటలు మన దగ్గర వున్నాయి. అవి అతనికి చేర్చడం సాహిత్య సేవలో తక్కువ తరగతి పని ఎంతమాత్రం కాదు.